కుండీలో సజ్జ చుట్టం

మా పెద్దమ్మది పాలమూరు వైపు పల్లె. నిరుడు హైదరాబాదు వచ్చినప్పుడు మా మిద్దె మీది ఎర్ర ఫౌంటెన్ గ్రాస్ దగ్గర ఆగి, కంకిని వేళ్ల మధ్య పెట్టి నలిపింది. గింజ తగల్లేదు. "సజ్జ లెక్కనే ఉంది గని, అంతా తాలు. దీన్ని పైసలిచ్చి కొన్నవా బిడ్డా?" అంది.

నర్సరీలో నాకెవరూ చెప్పని సంగతులు రెండు ఆ మాటలో ఉన్నాయి. ఇది సజ్జకు చుట్టం. పైగా గింజ పట్టని రకం.

గచ్చిబౌలి, మాదాపూర్ వైపు అద్దాల మేడల ముందు మీరూ చూసే ఉంటారు. నేరేడు రంగు సన్నాకులు దుబ్బుగా లేచి చుట్టూ వంగుతాయి, మధ్యలోంచి నక్కతోకల్లాంటి కంకులు ఊగుతుంటాయి. వృక్షశాస్త్రంలో దీన్ని చాలాకాలం పెన్నిసెటం అన్నారు. లాటిన్‌లో పెన్నా అంటే ఈక, సెటా అంటే గరుకు వెంట్రుక. కంకిని చూసినవాళ్లకు ఆ పేరు ఎందుకో విడమరచి చెప్పక్కర్లేదు. సజ్జ, పశువులకు వేసే నేపియర్ గడ్డి కూడా ఆ ప్రజాతివే. 2010లో ఈ ప్రజాతి మొత్తాన్నీ సెంక్రస్ అనే మరో ప్రజాతిలో కలిపేశారు. నర్సరీలు ఇంకా పాత పేరే వాడుతున్నాయి, వాటిని తప్పుపట్టలేం. కొత్త పేరుకు మూలమైన గ్రీకు మాటకు అర్థం మాత్రం చిరుధాన్యమే! పెద్దమ్మ వేళ్లతో కనిపెట్టింది పేరులోనే ఉందన్నమాట.

సజ్జను సుమారు 4,500 ఏళ్ల కింద పశ్చిమాఫ్రికాలో, సహారా దక్షిణపు అంచున మనిషి మచ్చిక చేసుకున్నాడు. ఇప్పుడు మన పటాన్‌చెరులోనే, 1972లో మొదలైన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో, సజ్జ విత్తన నమూనాలు 20,000కు పైగా భద్రంగా ఉన్నాయి. ఫౌంటెన్ గ్రాస్ పుట్టిల్లు ఉత్తర, తూర్పు ఆఫ్రికా, పశ్చిమాసియా ఎండు నేలలు. చుట్టాలిద్దరూ ఎండలో పుట్టి ఎండలో పెరిగినవాళ్లే.

ఆ ఎండకు ఓర్చే కిటుకు ఆకులో ఉంది. మొక్కల్లో రూబిస్కో అనే ఎంజైమ్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి చక్కెర తయారీకి అందిస్తుంది. ఎండ ముదిరేకొద్దీ అది పొరబడి ఆక్సిజన్‌ను పట్టడం ఎక్కువవుతుంది. ఆ పొరపాటు దిద్దుకోవడానికి మొక్క శక్తి వృథా. వరికీ గోధుమకూ ఈ తంటా ఉంది. సజ్జ, జొన్న, చెరకు, మన ఫౌంటెన్ గ్రాస్ దీన్ని దాటేశాయి. వీటి ఆకుల్లో ముందు మరో ఎంజైమ్ కార్బన్ డయాక్సైడ్‌ను పడుతుంది. దానికి ఆక్సిజన్‌తో పనే లేదు. పట్టిన సరుకును నాలుగు కార్బన్ల ఆమ్లంగా కట్టి, ఈనెల చుట్టూ ఉండే కణాల్లోకి చేరవేసి, అక్కడ మొక్క మూట విప్పుతుంది. రూబిస్కో ఆ లోపలి గదిలోనే కూర్చుని ఉంటుంది. చుట్టూ కార్బన్ డయాక్సైడే కిక్కిరిసి ఉండటంతో పొరబడే అవకాశం తక్కువ. పత్రరంధ్రాలు ఓరగా తెరిచినా పని జరుగుతుంది కాబట్టి నీటి ఖర్చూ తక్కువే. నాలుగు కార్బన్ల వల్ల దీనికి సి4 అని పేరు. 1960ల్లో ఆస్ట్రేలియాలో హ్యాచ్, స్లాక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెరకు ఆకుల మీద దీన్ని తేల్చారు.

ఇదంతా చదివి కూడా నా మొదటి మొక్కను నేనే చంపుకున్నాను. మే నెల ఎండకు జాలిపడి పూటపూటా నీళ్లు పోశాను, కుండీ అడుగున చిల్లి పూడిపోయిన సంగతి చూసుకోలేదు. వేర్లు కుళ్లాయి. ఎండకు ఓర్చే గడ్డికి తడి కాళ్లు పడవు. ఇప్పుడు ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి 14 అంగుళాల కుండీలో వేస్తున్నాను. కుండీలో మట్టి కొంచెమే కదా, నడివేసవిలో రోజూ నీళ్లు కావాల్సిందే, కానీ వేలు గుచ్చి పైమట్టి ఆరిందో లేదో చూశాకే. నేలలో నాటి వేరు పట్టాక వేసవిలో వారానికి రెండుసార్లు చాలు. చల్క నేల బాగా ఒప్పుతుంది. నల్లరేగడి అయితే గట్టు పోసి ఎత్తులో నాటాలి. యూరియా జోలికి పోవద్దు, ఆకు మెత్తబడి దుబ్బు సోలిపోతుంది.

ఎర్రదనం ఆంథోసయనిన్ల వల్ల వస్తుంది. ఎర్ర గోంగూర కాడలో ఉండే రంగుల కుటుంబమే. వాటి తయారీకి వెలుతురు కావాలి. రోజుకు ఆరు గంటల ఎండ తగలని బాల్కనీలో ఈ గడ్డి మెల్లగా పచ్చబడుతుంది. అప్పుడు నర్సరీవాడు మోసం చేశాడనుకోకండి.

ఏడాదికోసారి కత్తిరించాలి. చలిదేశాల్లో ఎర్ర రకం మంచుకు చచ్చిపోతుంది, అక్కడివాళ్లు ఏటా కొత్తది నాటుకుంటారు. మనకు ఆ బాధ లేదు గానీ, సంక్రాంతి దాటేసరికి దుబ్బు పాతబడి చీపురులా తయారవుతుంది. ఫిబ్రవరిలో దుబ్బును తాడుతో బిగించి, జానెడు మిగిల్చి కొడవలితో కోసేయండి. పొడుగు చేతుల చొక్కా మరవద్దు, ఆకు అంచులు గీరుకుంటాయి. గడ్డికి పెరిగే చోటు కొసన కాదు, మొదట్లో ఉంటుంది. అందుకే పశువు మేసినా మనం కోసినా మళ్లీ లేస్తుంది. రెండు మూడేళ్లకు దుబ్బు నడిమధ్య ఎండి గుల్లవుతుంది. తొలకరి పడ్డాక తవ్వి, అంచుల్లోని పిలకలను వేర్లతో సహా విడదీసి నాటుకోవచ్చు. గింజ పట్టని ఎర్ర రకానికి సంతానం ఈ దారిలోనే.

ఫౌంటెన్ గ్రాస్‌లోనే పచ్చాకుల రకం సంగతి వేరు. దానికి పరాగసంపర్కంతో పనిలేకుండానే గింజ పడుతుంది, ఒంటరి మొక్క చాలు. ఈకల్లాంటి నూగు ఆ గింజను గాలికీ బట్టలకూ అంటించి పంపుతుంది. హవాయి దీవుల్లో అందానికని తెచ్చిన ఈ గడ్డి లావా నేలలను ఆక్రమించి, ఎండాక కార్చిచ్చులకు మేతయింది. కాలిన దుబ్బు మొదట్లోంచి మళ్లీ లేచింది, పక్కనున్న స్థానిక మొక్కలు లేవలేదు. యూరోపియన్ యూనియన్ 2017లో దీన్ని ప్రమాదకర చొరబాటు జాతుల జాబితాలో చేర్చింది. మట్టిలో గింజ ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. నా మటుకు నేను దాన్ని కొనను. తెల్లకంకుల అందమే కావాలంటే, వానలు వెనకబట్టాక చెరువుగట్ల మీద రెల్లు ఉండనే ఉంది.

నర్సరీకి వెళ్తే ముదిరిన కంకి ఒకటి తీసి పెద్దమ్మలా నలిపి చూడండి. గింజలు రాలితే అక్కడే వదిలేయండి. పచ్చది ఇప్పటికే ఇంట్లో ఉంటే కంకి పండకముందే కోసి, కట్టి చెత్తబండికి ఇవ్వండి. కంపోస్టు గుంటలో మాత్రం వేయకండి.