ఫైటర్, విజార్డ్: యాభై ఏళ్ల తూకం తగువు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, తలా ఒక వీరుడి పాత్రలో కథ నడిపే ఆట. అది ఆడే బృందాల్లో, క్యాంపెయిన్ (వారాల తరబడి సాగే కథ) కాస్త ముదిరాక ఒక గొణుగుడు మొదలవుతుంది. "తాళం తీసేదీ విజార్డే, గోడ దూకించేదీ విజార్డే, డ్రాగన్‌ని పడుకోబెట్టేదీ విజార్డే. మరి ఈ కత్తి పట్టుకుని నేనేం చెయ్యాలి?" అంటాడు ఫైటర్, అంటే కత్తి వీరుడు. విజార్డ్ మంత్రాలు వేసేవాడు. ఈ తగువుకు ఆటంత వయసుంది. ఎడిషన్ మారినప్పుడల్లా తీరిందనుకోవడం, రెండేళ్లకు మళ్లీ మొదలవడం. ఎందుకంటే మారుతూ వచ్చింది తూకం వేసే చోటు. మొదట మొత్తం క్యాంపెయిన్ మీద తూచారు, తర్వాత ఒక రోజు మీద, ఆ తర్వాత ఒక్కో ఎన్‌కౌంటర్ మీద, అంటే రాక్షసులు ఎదురైన ఒక్కో తలపడటం మీద. (ఈ మాటకు మన పేపర్లలో వేరే అర్థం ఉంది కాబట్టి ఇక్కడ 'పోరు' అందాం.)

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన ఆట యుద్ధక్రీడల్లోంచి పుట్టింది. 1978 నాటి అడ్వాన్స్‌డ్ ఆటగాళ్ల పుస్తకానికి వచ్చేసరికి లెక్క స్పష్టంగా కనిపిస్తుంది. మొదటి లెవెల్‌లో ఫైటర్ ప్రాణానికి పది ముఖాల పాచిక, మంత్రగాడికి (అప్పట్లో విజార్డ్ పేరు ఇదే) నాలుగు ముఖాలది. మంత్రగాడికి కవచం లేదు, రోజుకు ఒక్కటే స్పెల్ (మంత్రం). రెండో లెవెల్‌కి దొంగకు 1,251 అనుభవ పాయింట్లు చాలు, ఫైటర్‌కి 2,001, మంత్రగాడికి 2,501. ముందు కష్టపడు, బతికుంటే తర్వాత ఏలుకో అన్నమాట.

ఏలుబడికి కూడా కళ్లేలున్నాయి. మంత్రం చదువుతుండగా దెబ్బ తగిలితే ఆ మంత్రం పోయినట్టే. వాడేసిన మంత్రాల్ని మళ్లీ బట్టీపట్టడానికి స్పెల్ స్థాయికి పదిహేను నిమిషాల చొప్పున పడుతుంది. అన్నిటికంటే గట్టి కళ్లెం సేవింగ్ త్రో, అంటే మంత్రం నుంచి తప్పించుకోవడానికి వేసే పాచిక: అది మంత్రం వేసినవాడి లెవెల్‌ని కాక, దాన్ని తట్టుకునేవాడి లెవెల్‌ని చూసేది. 17వ లెవెల్ ఫైటర్ ఇరవై ముఖాల పాచిక మీద 6 లేదా అంతకంటే ఎక్కువ తెచ్చుకుంటే బయటపడేవాడు. ఈ పద్ధతికున్న చిక్కల్లా, క్యాంపెయిన్ మొదటి లెవెల్ నుంచి చివరిదాకా నడవాలి. నేరుగా తొమ్మిదో లెవెల్‌లో మొదలుపెడితే మంత్రగాడు బాకీ కట్టకుండానే వడ్డీ తింటాడు.

2000లో వచ్చిన మూడో ఎడిషన్ అందరికీ ఒకే పాయింట్ల పట్టిక ఇచ్చింది. మంచి ఉద్దేశమే, కానీ కళ్లేలు ఒక్కొక్కటే ఊడిపోయాయి. కాన్‌సన్‌ట్రేషన్ నైపుణ్యం పెంచుకుంటే కత్తుల మధ్య నిలబడి కూడా మంత్రం వేయొచ్చు. సేవ్ లెక్క తిరగబడింది: పదికి స్పెల్ స్థాయి, వేసినవాడి తెలివి బోనస్ కలుపుతారు. ఇంటెలిజెన్స్ (తెలివి) 24, అంటే బోనస్ 7 ఉన్న విజార్డ్ తొమ్మిదో స్థాయి స్పెల్ వేస్తే తట్టుకోవడానికి 26 తేవాలి. మనసు మీద పనిచేసే మంత్రాల్ని తట్టుకునే విల్ సేవ్‌లో 17వ లెవెల్ ఫైటర్ పాచికకు కలిసే మూలబలం +5. మేజిక్ వస్తువులేవీ లేకపోతే పాచిక మీదే 20 పడటం ఒక్కటే దారి.

పోరు ఎంత కష్టమో చెప్పే అంకె, ఛాలెంజ్ రేటింగ్, వచ్చింది కూడా అప్పుడే. నలుగురు వీరులు తమ లెవెల్‌కి సరిపడే పోరులో సుమారు ఐదో వంతు వనరులు ఖర్చుపెడతారని, అలాంటివి రోజుకు నాలుగు తట్టుకుంటారని అంచనా. ఈ అంచనాకు గండి కొట్టింది ఓ చిన్న పుల్ల: క్యూర్ లైట్ వూండ్స్ వాండ్, అంటే చిన్న గాయాలు మాన్పే మంత్రదండం. ధర 750 బంగారు నాణేలు, 50 వాడకాలు, ఒక్కోదానికి సగటున 5.5 ప్రాణం. అంటే మొత్తం 275. ప్రతి పోరు తర్వాత అందరూ నిండుగా లేస్తుంటే 'ఐదో వంతు'కి అర్థమేముంది? ఇక తరిగేవి విజార్డ్ మంత్రాలే. అవి అయిపోగానే గుడారం వేస్తారు.

నాలుగో ఎడిషన్ (2008) రోజు గోలను చాలావరకు పక్కనపెట్టి ఒక్కో పోరునే తూచింది. మొదటి లెవెల్‌లో ఎవరికైనా ఎప్పుడంటే అప్పుడు వాడే శక్తులు రెండు, పోరుకు ఒకటి, రోజుకు ఒకటి. తూకం బాగా కుదిరింది, ఒప్పుకోవాలి. కానీ ఫైటర్, విజార్డ్ ఒకే అచ్చులో పోసినట్టున్నారన్న విమర్శ వచ్చింది. మొదట్లోని రాక్షసులకు ప్రాణం ఎక్కువ, దెబ్బ తక్కువ కావడంతో పోరులు సాగాయి. ఆ దెబ్బల లెక్కను 2010లో సరిచేశారు.

2014 నాటి ఐదో ఎడిషన్ మళ్లీ రోజుకే తిరిగొచ్చింది: ఆరు నుంచి ఎనిమిది పోరులు, మధ్యలో రెండు చిన్న విశ్రాంతులు. ఇప్పటి ఫిర్యాదుల్లో సగం ఇక్కడే పుడతాయి. ఐదో లెవెల్ విజార్డ్‌కి రోజుకు తొమ్మిది స్లాట్లు (ఒక్కో స్లాట్‌తో ఒక మంత్రం వేయొచ్చు). మరో రకం మంత్రగాడు వార్‌లాక్‌కి రెండే, కానీ చిన్న విశ్రాంతి తీసుకుంటే తిరిగొస్తాయి. పుస్తకం చెప్పినట్టు ఆడితే తొమ్మిదికి ఆరు. ఆదివారం మూడు గంటల ఆటలో, కథ ప్రకారం రోజుకు ఒకే పోరు జరిగితే తొమ్మిదికి రెండు. ఇలాంటప్పుడు రాక్షసుడి ప్రాణం పెంచడం తప్పు మందు. అది తొమ్మిది స్లాట్లవాడికే కలిసొస్తుంది. డంజన్ మాస్టర్ (ఆట నడిపేవాడు) కోసం వేసిన 2014 పుస్తకంలోనే ఉన్న మరో పద్ధతి నయం: చిన్న విశ్రాంతి ఎనిమిది గంటలు, పెద్దది ఏడు రోజులు. అప్పుడు ఆరు పోరులు వారమంతా పరుచుకుంటాయి, కథ చెదరదు.

ఇక తలల లెక్క, అంటే పోరులో ఎందరు రాక్షసులుండాలన్నది. ఒక్కో రాక్షసుడికి పాయింట్లలో విలువ ఉంటుంది. 2014 పద్ధతిలో మొదటి లెవెల్ వీరులు నలుగురికి ప్రాణాంతకమైన గీత 400 పాయింట్లు. గాబ్లిన్ అనే చిన్న రాక్షసుడి విలువ 50, నలుగురైతే 200. ముగ్గురి నుంచి ఆరుగురి దాకా ఉంటే రెట్టింపు చేయాలి కాబట్టి సరిగ్గా 400. ఈ రెట్టింపు ఊరికే పెట్టలేదు. కవచం లేని విజార్డ్ రక్షణ (దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకె) 12, ప్రాణం 8 అనుకోండి. గాబ్లిన్ దెబ్బ నూటికి 65 సార్లు తగులుతుంది, సగటున 5.5 నష్టం. నలుగురూ అతని మీదే పడితే తగిలే దెబ్బలు సగటున 2.6. అంటే విజార్డ్ తన వంతు రాకముందే కూలొచ్చు. గుంపు పెరిగితే ఒక్కో రౌండులో దెబ్బలూ పెరుగుతాయి, గుంపు నిలిచే రౌండ్లూ పెరుగుతాయి.

2024 పుస్తకం ఆ రెట్టింపును ఎత్తేసింది, లెక్క చేతివేళ్ల మీద తేలాలని కాబోలు. కఠినమైన పోరుకు మొదటి లెవెల్‌లో తలకు 100 పాయింట్లు. గాబ్లిన్ యోధుడి విలువ ఇంకా 50 కాబట్టి, కాగితం మీద నలుగురు కొత్త వీరుల ఎదుటికి ఎనిమిది మందిని దింపొచ్చు. వీరుడికి ఇద్దరికంటే ఎక్కువ రాక్షసులుంటే త్వరగా చచ్చేవాళ్లను పెట్టమని ఆ పుస్తకం హెచ్చరిస్తుంది. ఎనిమిది మందంటే సరిగ్గా ఇద్దరు చొప్పునే, కాబట్టి ఆ హెచ్చరిక ఇక్కడ వర్తించదు.