అముర్ డేగ మ్యాపులో గీతను ఎంతవరకు నమ్మాలి?

వీపున ఉపగ్రహ ట్యాగు (ఎక్కడుందో తెలిపే చిన్న పరికరం) ఉన్న వలస పక్షి అముర్ డేగ నాగాలాండ్ నుంచో మణిపుర్ నుంచో బయల్దేరిందంటే చాలు, ఒక మ్యాపు ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. మన ద్వీపకల్పాన్ని అడ్డంగా కోసి, అరేబియా సముద్రం మీదుగా సోమాలియా దాకా సాగే గీత అది. ‘మా జిల్లా మీదుగానే వెళ్లింది’ అని సంబరపడతాం. పావురం కన్నా తేలికైన పక్షి, దాదాపు 3,000 కిలోమీటర్ల సముద్రాన్ని ఎక్కడా వాలకుండా దాటుతుంటే సంబరం రాకుండా ఎలా ఉంటుంది? కానీ ఉపగ్రహం పట్టుకున్నవి చుక్కలు మాత్రమే. వాటి మధ్య గీత మనం కలిపింది.

2012లో నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయం దగ్గర ఈ డేగలను వేలకు వేలు వలలు పన్ని చంపారు. ఆ మరుసటి ఏడాదికి అక్కడి గ్రామాలే వేట మానేశాయి. 2013 నవంబరులో భారత వన్యప్రాణి సంస్థ, హంగరీ శాస్త్రవేత్తలు, నాగాలాండ్ అటవీ శాఖ కలిసి మూడు డేగలకు ట్యాగులు కట్టి నాగా, వోఖా, పాంగ్టి అని పేర్లు పెట్టారు. సౌరశక్తితో పనిచేసే ఆ ట్యాగు బరువు 5 గ్రాములు.

ఆ 5 గ్రాముల దగ్గరే మొదటి చిక్కు. మోత బరువు పక్షి బరువులో 3 శాతం దాటకుండా చూడటం మంచిది, 5 శాతం మించితే అసలు కట్టకూడదు. 150 గ్రాముల డేగకు 5 గ్రాములంటే 3.3 శాతం. 100 గ్రాముల మగ పక్షికి అదే 5 శాతం. అందుకే పట్టిన ప్రతి పక్షినీ తూచి, బరువైనవాటినే ఎంచుకోవాలి. పట్టీల బరువునూ ట్యాగుతో కలిపే లెక్కవేయాలి. ఇందులో ఇంకో మెలిక ఉంది. దోయాంగ్‌లో డేగలు ఉసిళ్లు తిని ఒళ్లు చేసి ఉంటాయి. ఆ బరువు చూసి మురిసిపోతే పొరపాటే, సముద్రం దాటేసరికి ఆ కొవ్వు కరిగిపోతుంది. ఈ రోజు సరిగ్గా సరిపోయిన పట్టీ వారం తర్వాత వదులై రెక్క ఇరుక్కోవచ్చు. మరీ బిగిస్తే రెక్కల కింద చర్మం ఒరుసుకుపోతుంది. టెఫ్లాన్ రిబ్బనును వీపు సంచిలా రెండు రెక్కల చుట్టూ తిప్పి, రొమ్ము మీద కలిపి కుట్టి, ముడి జారకుండా చుక్క జిగురు వేస్తారు. రిబ్బను ఎంత వదులుండాలో చేతికి అలవాటు కావాలి, స్కేలుతో తేలేది కాదు. ట్యాగు కింద పలుచని మెత్త పెట్టి కాస్త ఎత్తుగా ఉంచకపోతే ఈకలు సౌరఫలకాన్ని కప్పేస్తాయి. అప్పుడు బ్యాటరీ నిండదు.

ఇంత చిన్న బ్యాటరీతో ట్యాగు రోజంతా మాట్లాడలేదు. 5 గ్రాముల సౌర ట్యాగులను సాధారణంగా 10 గంటలు పనిచేసి 48 గంటలు నిద్రపోయేలా అమరుస్తారు. ఇప్పుడు లెక్క వేయండి. నాగాలాండ్ నుంచి సోమాలియాకు సుమారు 5,600 కిలోమీటర్లు, ఐదున్నర రోజుల ప్రయాణం. అంటే గంటకు 42 కిలోమీటర్లు. ట్యాగు నిద్రపోయే 48 గంటల్లో డేగ 2,000 కిలోమీటర్లు పోతుంది. దోయాంగ్ నుంచి మచిలీపట్నం తీరానికి నేరుగా 1,750 కిలోమీటర్లే. డేగ దోయాంగ్‌లో ఉండగా నిద్రపోయిన ట్యాగు, మళ్లీ మేలుకునేసరికి తీరం దాటి ఎక్కడో దక్కన్ మీద ఉండవచ్చు. ఆ గీత మీ ఊరి మీదుగా పోయినా డేగ వంద కిలోమీటర్లు అటో ఇటో వెళ్లి ఉండవచ్చు. చుక్క మీ జిల్లాలోనే పడితే అది వేరే మాట.

చుక్కలన్నీ కూడా ఒక్క తీరుగా ఉండవు. ఈ ట్యాగులో జీపీఎస్ లేదు. 401.65 మెగాహెర్ట్జ్ మీద నిమిషానికోసారి చిన్న సందేశం పంపుతుంది, అంతే. దాదాపు 850 కిలోమీటర్ల ఎత్తులో పోతూ ఇలాంటి ట్యాగుల సందేశాలను అందుకునే ఆర్గోస్ ఉపగ్రహం దగ్గరకు వచ్చేటప్పుడు ఆ పౌనఃపున్యం కొంచెం పెరిగినట్టు, దూరమయ్యేటప్పుడు తగ్గినట్టు వినబడుతుంది. ఆ మార్పు తీరును బట్టే స్థానం కడతారు. ఒక్కో ఉపగ్రహం నెత్తిమీద ఉండేది పది నిమిషాలే. ఆ వ్యవధిలో కనీసం నాలుగు సందేశాలు అందితేనే ఎంత తప్పు ఉండవచ్చో అంచనా కట్టగలరు. ఆ అంచనాను బట్టే చుక్కలకు తరగతులు ఇస్తారు. 3వ తరగతి చుక్కలో తప్పు 250 మీటర్లలోపు, 1వ తరగతిలో 1,500 మీటర్లలోపు. మూడు సందేశాలే వస్తే ‘ఏ’ తరగతి, రెండే వస్తే ‘బి’ తరగతి. ఈ రెండిటికీ ఏ హామీ లేదు, అవి పదుల కిలోమీటర్లు తప్పవచ్చు.

పైగా ప్రతి లెక్కకూ రెండు జవాబులొస్తాయి, ఉపగ్రహం దారికి కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. తప్పుడుదాన్ని ఎంచుకుంటే డేగ ఒక్క గంటలో వందల కిలోమీటర్లు గెంతినట్టు కనిపిస్తుంది. అందుకే రెండు చుక్కల మధ్య వేగం లెక్కగట్టి, డేగకు సాధ్యం కానిదాన్ని తీసేయాలి. అలా వడకట్టని మ్యాపును నేను నమ్మను. పక్షి ఎగిరే వేగం, ఎత్తు కూడా లెక్కను కొంత చెడగొడతాయి. కాబట్టి చెట్టు మీద కూర్చున్నప్పటి చుక్క గాల్లో ఉన్నప్పటిదాని కన్నా నమ్మదగినది.

సంకేతం ఆగిందంటే డేగ చచ్చిందనే అనుకుంటారు చాలామంది. ముందు చివరి సందేశాల్లో బ్యాటరీ వోల్టేజీ చూడాలి. అది రోజురోజుకూ పడిపోతూ, స్థానాలు మాత్రం కదులుతూనే ఉంటే, కొత్త ఈకలు ఫలకాన్ని కప్పేసి ఉండవచ్చు. కొన్నాళ్లకు ఎండ తగిలి ట్యాగు మళ్లీ పలకవచ్చు కూడా. వోల్టేజీ నిండుగా ఉండి, కదలిక సెన్సర్ అంకె మారకుండా, ఉష్ణోగ్రత పగలు పెరుగుతూ రాత్రి పడుతూ, చుక్కలన్నీ ఒకేచోట గుమిగూడితే ట్యాగు నేల మీద ఉన్నట్టే. అది ఊడిపడిందా, డేగతోపాటే పడి ఉందా అన్నది మాత్రం అక్కడికెళ్లి వెతికితేనే తెలుస్తుంది.