బడికి పెంపుడు జంతువులు వచ్చే రోజు: అపోహలు - వాస్తవాలు

పిల్లలు తమ పెంపుడు జంతువులను ఒక రోజు బడికి తీసుకురావడం మంచి ఆలోచనేనని పశువైద్యుడిగా నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. అయితే ఆ రోజు దగ్గరపడగానే టీకా కార్డులు పట్టుకుని ఆసుపత్రికి వచ్చే తల్లిదండ్రుల నోట కొన్ని మాటలు ఏటా వింటున్నాను.

అపోహ: మా కుక్క ఎవరినీ ఏమీ అనదు, బడిలోనూ అలాగే ఉంటుంది.

వాస్తవం: ఇంట్లో నలుగురి మధ్య పెరిగిన కుక్కకు నలభై మంది పిల్లల కేకలు, గంట మోత, పక్కనే తెలియని మరో కుక్క ఒక్కసారిగా ఎదురైతే దాని ప్రవర్తన మారడం సహజం. నేను వెళ్ళిన ఒక బడిలో పిల్లలు చుట్టూ చేరగానే ఒక లాబ్రడార్ రెండుసార్లు మూతి నాక్కుంది, ఆవులించింది, తల పక్కకు తిప్పుకుని కనుగుడ్డులోని తెలుపు కనబడేలా ఓరగా చూసింది. ఇవన్నీ బెదురుకు గుర్తులే, కానీ తోక ఊగుతూనే ఉండటంతో అది ఉత్సాహంగా ఉందని అందరూ అనుకున్నారు. ఇంతలో ఒక పాప వెనుక నుంచి మెడ వాటేసుకోబోయింది, కుక్క గుర్రుమంది. గొలుసు యజమాని చేతిలోనే ఉండబట్టి వెంటనే పక్కకు తప్పించగలిగారు. తోక ఊపడం ఉద్రేకాన్ని తెలుపుతుందే తప్ప ప్రతిసారీ స్నేహాన్ని తెలపదు. అందుకే గొలుసు పెద్దవారి చేతిలోనే ఉండాలి. పిల్లలు ఒక్కొక్కరుగా వచ్చి, కుక్క తనంతట తాను దగ్గరకు వస్తేనే, తల మీద కాకుండా ఛాతీ పక్కన నిమరాలి.

అపోహ: ముందు రోజు రేబిస్ టీకా వేయిస్తే సరిపోతుంది.

వాస్తవం: మొదటిసారి టీకా వేసిన తరువాత శరీరంలో తగినంత రక్షణ ఏర్పడటానికి సుమారు మూడు వారాలు పడుతుంది. కుక్కపిల్లకు మూడు నెలల వయసులో తొలి టీకా, తరువాత బూస్టర్, ఆపై పశువైద్యుడు చెప్పిన గడువు ప్రకారం మళ్ళీ వేయించాలి. ఏటా జులై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల) దినోత్సవం నాడు, ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఈ టీకాను ఉచితంగా వేస్తారు. నట్టల మందు తాగించడం, పిడుదులు లేకుండా చూడటం కూడా ముందుగానే జరగాలి. టీకాలు పూర్తికాని కూనలను మాత్రం దయచేసి తీసుకురావద్దు; కూనలకు ప్రాణాంతకమైన వాంతులు, విరేచనాలు తెచ్చే పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతికి ఉంటుంది.

అపోహ: కుందేలు చేతుల్లో కదలకుండా ఉందంటే దానికి నచ్చినట్టే.

వాస్తవం: కుందేలు భయపడినప్పుడు బిగుసుకుపోతుంది. ఆ స్థితిలో ఒక్కసారిగా వెనుక కాళ్ళతో తన్నుకుంటే దాని వెన్నెముకే విరగవచ్చు. దానిని చేతికి ఇవ్వకుండా నేల మీద పట్టా పరిచి, పిల్లలను చుట్టూ కూర్చోబెట్టడం మేలు.

అపోహ: చిలుక, తాబేలు అయితే ఏ ఇబ్బందీ లేదు.

వాస్తవం: మన రామచిలుకనూ, నక్షత్ర తాబేలునూ ఇంట్లో ఉంచుకోవడమే వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. పైగా తాబేళ్ళ నుంచీ, కోడిపిల్లల నుంచీ విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా సోకే అవకాశం ఉంది కాబట్టి ఏ జంతువును తాకినా సబ్బుతో చేతులు కడుక్కున్నాకే తినుబండారాల డబ్బా తెరవాలి.

అపోహ: టీకా వేసిన కుక్క గీరితే పసుపో, సున్నమో రాస్తే చాలు.

వాస్తవం: గాయాన్ని ధారగా పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఏమీ రాయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. బొడ్డు చుట్టూ సూదులు వేసే రోజులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేతికి, తొలి రోజు, 3, 7, 28వ రోజుల్లో టీకా ఇస్తారు. దెబ్బలు తినాల్సి వస్తుందనే భయంతో గాయాన్ని దాచే పిల్లలు ఉంటారు. వారికి ముందుగానే ధైర్యం చెప్పి ఉంచండి.

ఇక సమయం సంగతి. కుక్కలకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. అవి రొప్పుతూ వేడిని వదులుతాయి, అదీ ఒక హద్దు వరకే. ఎండ ముదరక ముందే, గంటసేపట్లో కార్యక్రమం ముగించి జంతువులను ఇళ్ళకు పంపించి, ఆ తరువాత తరగతిలో పిల్లల చేత వాటి గురించి చెప్పించండి.