డ్రమ్ము నీళ్లలో డెంగీ: నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో దోమల వెనకున్న నీళ్ల కథ

వానలు పడ్డాయంటే చాలు, నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా జ్వరాల ఓపీ దగ్గర క్యూ పెరుగుతుంది. మూడో రోజుకు రక్తపరీక్ష, ఆపైన ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయోనన్న టెన్షన్. వీధిలో కాలవ తీయలేదు కాబట్టే ఇదంతా అంటాం. కాలవ తీయాల్సిందే, అందులో అనుమానం లేదు. కానీ డెంగీ దోమ మురుగు జోలికి పెద్దగా పోదు. మనం వాడుకోవడానికి పట్టి ఉంచుకున్న నీళ్లలోనే అది గుడ్లు పెడుతుంది. ఇంటింటా అన్ని నీళ్లు ఎందుకు పట్టి ఉంచాల్సి వస్తోందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మన పెద్దవాళ్లను పీడించింది మలేరియా. చలిజ్వరం అనేవాళ్లు. పోస్టాఫీసులో క్వినైన్ పొట్లాలు అమ్మిన కాలం అది. దోమ వల్లే ఈ జ్వరం వస్తుందన్న దానికి గట్టి ఆధారం 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో దొరికింది. అనాఫిలస్ దోమ కడుపులో రోనాల్డ్ రాస్ మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఈ దోమ పల్లెల్లో ఎక్కువగా పొలాల్లో, కాలవల్లో, బావుల్లో పుడుతుంది. రక్తం తాగాక ఇంటి గోడ మీద వాలుతుంది. అందుకే 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైనప్పుడు గోడలకు డీడీటీ కొట్టారు. స్వాతంత్య్రం వచ్చిన నాటికి దేశంలో ఏడాదికి 7.5 కోట్ల మందికి మలేరియా వస్తోందని అంచనా. 1960ల మధ్యకు అది లక్ష దరిదాపుల్లోకి దిగింది. ఆ తర్వాత దోమలు మందుకు అలవాటు పడ్డాయి, పనిలో పట్టూ సడలింది. 1976లో కేసులు మళ్లీ 64 లక్షలు దాటాయి.

ఆ రోజుల నుంచి మనకు మిగిలిన అలవాటు ఒకటుంది. దోమల్ని చంపడం సర్కారు పని, మందు కొట్టేవాళ్లు వచ్చి కొట్టి పోతారు అని. డెంగీ విషయంలో మనకు ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ ఆలోచనేనని నా నమ్మకం.

నెల్లూరుకు ఇంకో పాత బాధ కూడా ఉంది, బోదకాలు. ఫైలేరియా ఉన్న జిల్లాల జాబితాలో నెల్లూరు చాలాకాలం ఉంది. 1955లో జాతీయ ఫైలేరియా కార్యక్రమం వచ్చింది. ఆ క్రిములు రక్తంలోకి రాత్రిపూటే బాగా వస్తాయి కాబట్టి పరీక్షకు రక్తం కూడా పొద్దుపోయాకే తీసేవాళ్లు. దీన్ని మోసుకొచ్చే క్యూలెక్స్ దోమ మాత్రం నిజంగానే మురుగు దోమ. సైడు కాలవలు, సెప్టిక్ ట్యాంకులు దాని ఇళ్లు. దోమ అనగానే మురుగు గుర్తుకు రావడం వెనక దీని పాత్ర చాలా ఉంది.

ఇక డెంగీ, చికున్‌గున్యాలను తెచ్చే ఈడిస్ దోమ. ఒంటి మీద, కాళ్ల మీద తెల్ల చారలుంటాయి, పగలు కుడుతుంది. నీళ్ల డ్రమ్ము మూత తీసి వంగి చూడండి. మన నీడ పడగానే సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ అడుగుకు దిగిపోతాయి. కాసేపు కదలకుండా ఉంటే మళ్లీ పైకొచ్చి తల కిందికి వేసి వేలాడతాయి. గుడ్డు నుంచి దోమ కావడానికి ఎనిమిది, పది రోజులు చాలు. గుడ్లను నీటిమట్టానికి కాస్త పైన, డ్రమ్ము లోపలి గోడకు అంటిస్తుంది. నీళ్లు పారబోసినా అవి పోవు. ఎండిపోయి నెలల తరబడి అలాగే ఉండి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. అందుకే వారానికోసారి డ్రమ్మును ఖాళీ చేయడంతో ఆపకుండా లోపలంతా పీచుతో గట్టిగా రుద్ది కడగాలి.

ఖాళీ చేయమని చెప్పడం తేలికే. పశ్చిమ ప్రకాశంలో ఆ మాట అనాలంటే నాకు నోరు రాదు. దేశంలో నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌ను మొదటిసారి 1937లో గుర్తించింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలోనే. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు అప్పట్లో నెల్లూరువే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు కలిశాయి. దానికే 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. ఇక్కడ బోరు వేస్తే పడే నీళ్లు చాలాచోట్ల తాగడానికి పనికిరావు, ఎండాకాలం అవీ ఉండవు. ట్యాంకర్ వస్తే ఇంట్లో ఉన్న డ్రమ్ములు, బిందెలు, సిమెంటు తొట్లు అన్నీ నింపుకోవాలి. గురువారం ట్యాంకర్ దగ్గర గొడవపడి పట్టుకున్న నీళ్లను శుక్రవారం డ్రై డే, అంటే నీళ్ల పాత్రలన్నీ ఖాళీ చేసే రోజు అని ఎవరు పారబోస్తారు? ఒంగోలులోనూ సాగర్ నీళ్లను సమ్మర్ స్టోరేజ్ ట్యాంకుల్లో నింపుకొని వంతుల వారీగా కొళాయిలకు వదలడం ఏళ్లుగా నడుస్తోంది. వంతు మధ్య విరామం పెరిగితే ఇంట్లో తొట్లు పెరుగుతాయి.

దేశంలో 32 ఏళ్లుగా పెద్దగా కనిపించని చికున్‌గున్యా 2005 చివర్లో మళ్లీ బయటపడిన మొదటి రాష్ట్రాల్లో మనదీ ఒకటి. 2006లో దేశమంతటా అనుమానిత కేసులు 13.9 లక్షలు. కీళ్లు పట్టేసి నెలల తరబడి కూలికి వెళ్లలేని మనుషుల్ని ఊరూరా చూశాం. అప్పుడూ పొగ బండ్లే తిప్పారు. సాయంత్రం వీధిలోకి బండి రాగానే మనం తలుపులు, కిటికీలు వేసుకుంటాం. ఈడిస్ అప్పటికే లోపల, మంచం కిందో, కొక్కేనికి వేలాడే చొక్కాల వెనకో ఉంటుంది. పొగకు చచ్చేది ఎక్కువగా బయట తిరిగే దోమే.

క్యాలెండరు కూడా మనకు సరిపోదు. జాతీయ స్థాయిలో జూన్ మలేరియా మాసం, జులై డెంగీ మాసం. కానీ నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరుల మధ్యే పడుతుంది. 2015లోనూ 2021లోనూ జిల్లా మునిగింది నవంబరులోనే. పెరట్లో వదిలేసిన రోలు, మేడ మీది పాత టైరు, కొబ్బరి బోండాలు, మూత లేని సంపు నిండేది అప్పుడు. అధికారులు జులైలో చేసే ఇంటింటి తనిఖీని ఇక్కడ నవంబరులో ఇంకో విడత చేయాలి. కనిగిరి వైపు లెక్క వేరు. అక్కడ డ్రమ్ములు నిండేది ఎండాకాలంలో, కాబట్టి ట్యాంకర్లు తిరిగే ఏప్రిల్, మే నెలల్లోనే ఆశా కార్యకర్తలు తొట్లలో దోమ పురుగుల్ని చంపే అబేట్ మందు వేయాలి. ఖాళీ చేయలేని డ్రమ్ముకు బిగుతైన మూత గానీ, కట్టుకోవడానికి గుడ్డ గానీ పంచాయతీయే ఇవ్వాలి.