తేట నూనె వెనుక ఆమ్లం తాగిన మట్టి

కాకినాడ, కృష్ణపట్నం రేవుల్లో దిగే ముడి పామాయిల్ చిక్కటి నారింజ ఎరుపు. ప్యాకెట్లోకి వచ్చేసరికి లేత పసుపు. ఆ రంగు పోవడంలో వేడికి ఎంత పాత్ర ఉందో మట్టికీ అంతే ఉంది. ఆ మట్టిని ఆమ్లంతో కాచి వాడాలా, సహజంగానే వాడాలా అన్న ప్రశ్న ఇప్పుడు మళ్లీ ముందుకొచ్చింది.

మొదట్లో ఇది ఉన్ని జిడ్డు వదిలించే మట్టి. మన ముల్తానీ మట్టి ఈ జాతిదే. ఇంగ్లండ్ 17వ శతాబ్దంలో దీని ఎగుమతిని నిషేధించి మరీ కాపాడుకుంది. 19వ శతాబ్ది చివర్లో అమెరికన్లు నూనెల రంగు పోగొట్టడానికి అక్కడి మట్టినే తెప్పించుకునేవారు. 1893లో ఫ్లోరిడాలోని క్విన్సీ దగ్గర ఒక సిగార్ కంపెనీ ఇటుకలు కాల్చబోయింది. ఆ మట్టి జర్మనీలో తాను చూసిన మట్టిలాగే ఉందని అక్కడి పనివాడు ఒకరు గుర్తుపట్టడంతో ఫ్లోరిడాలోనే తవ్వకాలు మొదలయ్యాయి.

అసలు మలుపు 20వ శతాబ్ది ఆరంభంలో జర్మనీలో వచ్చింది. బవేరియాలో బెంటొనైట్ అనే పొరలు పొరలుగా ఉండే బంకమట్టిని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో మరిగించారు. పొరల మధ్య ఉన్న కాల్షియం, పొరల్లోని అల్యూమినియం, మెగ్నీషియం కొంతమేర కరిగిపోయి సన్నని రంధ్రాలు తెరుచుకున్నాయి. గ్రాముకు 200 నుంచి 300 చదరపు మీటర్ల ఉపరితలం! తవుడు నూనెలోని పత్రహరితం లాంటి మొండి రంగుల్ని సహజ మట్టికంటే ఇది చాలా బాగా పట్టుకుంటుంది. 90 నుంచి 110 డిగ్రీల వేడిలో, గాలి తీసేసిన పాత్రలో, సాధారణంగా అరగంట కలిపితే చాలు. మన దేశంలో కచ్ బెంటొనైట్ ఈ పనికే వెళ్తోంది. మట్టిని కడిగిన ఆమ్లపు నీటి సంగతి మాత్రం చాలాకాలం ఎవరికీ పట్టలేదు. నాకు బాధ కలిగించేది అదే.

ఈ శతాబ్దిలో పరిశోధకులు శుద్ధి చేసిన నూనెల్లో 3-ఎంసీపీడీ ఎస్టర్లు అనే, ఆరోగ్యానికి హాని చేయగల పదార్థాలను కనుగొన్నారు. వాసన పోగొట్టడానికి 200 డిగ్రీలు దాటించినప్పుడు క్లోరిన్ సమ్మేళనాల వల్ల ఇవి పుడతాయి. పామాయిల్‌లో ఎక్కువ. క్లోరిన్ పండులోనే ఉంటుంది గానీ, సరిగా కడగని మట్టిలో మిగిలిన హైడ్రోక్లోరిక్ ఆమ్లపు క్లోరిన్ కూడా దానికి తోడవుతుంది. 2021 నుంచి వీటిపై ఐరోపా పరిమితులు అమల్లోకి రావడంతో సహజ మట్టికి, ఆమ్లం మిగలకుండా కడిగిన మట్టికి గిరాకీ వచ్చింది.

అయితే సహజ మట్టి మోతాదు ఎక్కువ పడుతుంది. వాడేసిన మట్టిలో 20 నుంచి 40 శాతం నూనె ఉండిపోతుంది కాబట్టి, మట్టి పెరిగితే నష్టమూ పెరుగుతుంది. పైగా గాలి తగిలితే ఆ కుప్పలు తమంతట తామే అంటుకోగలవు. తినడానికి పనికొచ్చే పసుపు ఛాయను కూడా వదలకుండా తీసేయాలన్న పట్టుదలను కొనేవాళ్లం కాస్త సడలిస్తే, రిఫైనరీలు తక్కువ మట్టితోనే సరిపెట్టగలవు.