కొబ్బరిపాలు, గంజి, ఒక మాకరోనీ పెట్టె

పెట్టె వెనుక రాసి ఉన్నది నాలుగు ముక్కలే. మాకరోనీని ఏడెనిమిది నిమిషాలు ఉడికించి నీళ్ళు వార్చాలి. నాలుగు పెద్ద చెంచాల వెన్న, పావు కప్పు పాలు, పొట్లంలో ఉన్న చీజ్ పొడి వేసి కలపాలి. వేడిగా తినాలి. అక్క కూతురు దాన్ని రెండుసార్లు చదివి నా వైపు చూసింది.

"పాలు విరిగిపోయాయి కదా పిన్నీ, వెన్న కూడా లేదు. ఇప్పుడెలా?"

అక్కావాళ్ళది రాజోలు ప్రాంతంలో వశిష్ఠ గట్టుకు దగ్గరగా ఉన్న ఊరు. ఆగస్టు నెల. గోదావరి పోటు మీద ఉంది, కాజ్‌వే మునిగింది, పాలబ్బాయి రాలేదు. కరెంటు పోయి ఒక పగలూ రాత్రీ గడిచాయి. ఫ్రిజ్‌లో ఉన్న పాలు చూడటానికి బాగానే ఉన్నాయి గానీ, కాచగానే విరిగాయి. పాలలో చేరిన సూక్ష్మజీవులు లాక్టోజ్ అనే చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. చల్లగా ఉన్నంతసేపూ ఆ కొద్దిపాటి పులుపును పాలు తట్టుకుంటాయి, వేడి తగిలితే తట్టుకోలేవు. అందుకే పాడైన సంగతి పొయ్యి మీదే బయటపడుతుంది. నిమ్మరసం పిండి మనం విరిచిన పాలు వేరు, ఇలా తమంతట తామే విరిగినవి వేరు. వాటిని పారబోశాం.

మిగిలినవి ఇవి: సావిట్లో కొబ్బరికాయల పోగు, సగం గిన్నె నెయ్యి, పొద్దున తోడుకున్న పెరుగు, ఆవాలు, పసుపు, సేమ్యా పొట్లం. డెల్టా ఇంట్లో వరద రోజున కూడా ఇవి ఉంటాయి. వీటితో ఆ పెట్టెను గట్టెక్కించడానికి ముందు, పెట్టె అడుగుతున్న ఒక్కో సరుకూ అక్కడ ఏ పని చేస్తుందో చూడాలి.

ఈ తరహా పెట్టె 1937లో అమెరికాలో మొదలైంది. క్రాఫ్ట్ సంస్థ 19 సెంట్లకు నలుగురికి భోజనం అంటూ అమ్మింది. అది ఆర్థికమాంద్యం నాటి కరువుకాలం. ఆ వెంటనే వచ్చిన రెండో ప్రపంచయుద్ధంలో వెన్న, మాంసం రేషన్‌లోకి వెళ్ళాక ఆ పెట్టె మరింత వంటిళ్ళకు చేరింది. అంటే పుట్టుకతోనే అది లేమికి తయారైన వంట. ఫ్రిజ్ అక్కర్లేని పొడి సరుకు పెట్టెలో వస్తుంది, తడి సరుకు మాత్రం ఇంటివాళ్ళు పోసుకోవాలి. మన చేతిలో ఉన్నది ఆ తడి సరుకే.

ముందు లెక్క చూద్దాం. నాలుగు పెద్ద చెంచాల వెన్న అంటే సుమారు 56 గ్రాములు. కొన్న వెన్నలో కొవ్వు 80 శాతం, మిగతాది చాలావరకు నీరు. కాబట్టి వెన్న నుంచి వచ్చే కొవ్వు దాదాపు 45 గ్రాములు. పావు కప్పు పాలంటే 60 మిల్లీలీటర్లు. ఆవుపాలైతే అందులో కొవ్వు రెండు గ్రాముల పైచిలుకు, గేదెపాలైతే నాలుగు గ్రాములు. 45 గ్రాముల పక్కన ఆ రెండు గ్రాముల తేడా ఎక్కడా ఆనదు. చిక్కటి పాలు పోయాలా, పలచటి పాలు పోయాలా అని బెంగపడేవాళ్ళకు ఈ లెక్కే జవాబు. ఈ వంటలో కొవ్వు పని వెన్నది. పాలు ప్రధానంగా పొడిని కరిగించే నీరు.

ఆ మాట తెలియగానే సగం చిక్కు విడిపోయింది. వెన్నకు బదులు నెయ్యి వెయ్యవచ్చు. కానీ నెయ్యి దాదాపు పూర్తిగా కొవ్వే కాబట్టి నాలుగు చెంచాలకు మూడు చాలు, తగ్గిన నీటికి మరో చెంచా తడి కలపాలి. పాల స్థానంలో నీళ్ళు పోసినా పొడి కరుగుతుంది. రుచి మాత్రం చప్పబడుతుంది. ఆ లోటు తీర్చడానికి కొబ్బరిపాలు తీద్దామన్నాను. అక్క కోరాముతో కాయ తురిమి, గోరువెచ్చటి నీళ్ళు చిలకరించి, గుడ్డలో పిండి చిక్కటి పాలు తీసింది.

ఇక్కడ నేను తొందరపడ్డాను. మూకుడులో నెయ్యి, కొబ్బరిపాలు, చీజ్ పొడి కలిపి పెద్ద మంట మీద మరిగించాను. రెండు నిమిషాలలో మూకుడు అంచున చిన్న చిన్న నూనె చుక్కలు తేలాయి. ఒకదానికొకటి తగిలి పెద్దవయ్యాయి. చూస్తుండగానే పైన పసుపుపచ్చటి నూనె, కింద గరుకుగా పలుకులు పలుకులుగా మడ్డి మిగిలింది. అక్క తొంగి చూసి, "కొబ్బరిపాలు తెర్లనివ్వకూడదే, దించే ముందు పోసుకోవాలి" అంది.

అక్క మాట వెనుక ఉన్న కారణం ఇది. కొబ్బరిపాలంటే నీటిలో చెదిరి ఉన్న సన్నటి నూనె బిందువులు. ఒక్కో బిందువు చుట్టూ కొబ్బరి మాంసకృత్తుల పలుచటి పొర ఉండి, పక్క బిందువుతో కలవకుండా ఆపుతుంది. వేడి 80 డిగ్రీలు దాటితే ఆ మాంసకృత్తులు రూపు చెడి ముద్దకడతాయి, పొర పోతుంది, బిందువులు ఏకమై పైకి తేలతాయి. ఆవుపాలలో, గేదెపాలలో ఉండే కేసీన్ అనే మాంసకృత్తు మరుగుడును చక్కగా తట్టుకుంటుంది. కొబ్బరిలో కేసీన్ లేదు. తెల్లగా ఉంటాయి కాబట్టి రెండింటినీ పాలనే పిలుస్తాం గానీ, పొయ్యి మీద వాటి స్వభావాలు వేరు.

విరిగిన ఆ మూకుడును గంజి నిలబెట్టింది. మాకరోనీ వార్చిన నీళ్ళు పారబోయకుండా గిన్నెలో ఉంచాం. మంట తీసేసి, ఆ నీళ్ళు గరిటెడు పోసి, కవ్వంతో గట్టిగా చిలికాను. అంచున ఉన్న నూనె కళ్ళు ముందు చిన్నవయ్యాయి, తర్వాత మసకబారాయి, మూడో గరిటెకు కనిపించకుండా పోయాయి. మూకుడు నిండా నిగనిగలాడే చిక్కటి రసం. పిల్ల నా చేతిలో కవ్వం లాక్కుని తానే తిప్పడం మొదలుపెట్టింది.

గోధుమలోని పిండిపదార్థం సన్నటి రేణువుల రూపంలో ఉంటుంది. నీటిలో వేడి 60 డిగ్రీల ప్రాంతానికి చేరేసరికి అవి నీరు పీల్చి ఉబ్బుతాయి. అమైలోజ్ అనే పొడవాటి పోగులు వాటి నుంచి జారి నీటిలో కలుస్తాయి. గంజికి చిక్కదనం అందుకే. చిక్కబడ్డ నీటిలో నూనె బిందువులు సులువుగా కదలలేవు, ఒకదాన్నొకటి చేరలేవు. చీజ్ పొడిలో ఉన్న పాల మాంసకృత్తులకు ఈలోగా ఆ బిందువులను చుట్టుకునే వ్యవధి దొరుకుతుంది. చిలకడం వల్ల పెద్ద చుక్కలు పగిలి చిన్నవవుతాయి, గంజి వల్ల అవి చిన్నవిగానే నిలుస్తాయి.

ఈ పోగుల బలం కళ్ళారా చూడాలంటే ఆత్రేయపురం వెళ్ళాలి. పలుచటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను కాగుతున్న బోర్లా కుండ మీద ఒక్కసారి పరచి లాగుతారు. కన్ను మూసి తెరిచేలోగా పిండి ఉడికి, ఆరి, వెనుక అక్షరాలు కనిపించేంత పలుచటి రేకు లేస్తుంది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పూతరేకును నిలబెట్టేది బియ్యంలోని పిండిపదార్థమే. మూకుడులో నూనెను పట్టి ఉంచినదీ, కుండ మీద రేకుగా లేచినదీ ఒకే జాతి పదార్థమంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

పెరుగు వాడకూడదా అని అడిగేవాళ్ళుంటారు. వాడవచ్చు, కాకపోతే దాని కష్టం వేరు. పాలలో కేసీన్ గుత్తులకు ఋణ విద్యుదావేశం ఉండటం వల్ల ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా తేలుతుంటాయి. పులుపు పెరిగి పీహెచ్ 4.6 దగ్గరకు వస్తే ఆ ఆవేశం తీరిపోయి గుత్తులు అతుక్కుంటాయి. పెరుగు అప్పటికే ఆ స్థితిలో ఉంటుంది. దాన్ని మరిగిస్తే ఇంకా బిగిసి నీరు కక్కుతుంది. మనవాళ్ళు మజ్జిగ పులుసు కాచేటప్పుడు శనగపిండో, నానబెట్టి రుబ్బిన బియ్యమో కలిపేది ఇందుకే. ఉబ్బిన పిండి రేణువులు కేసీన్ ముద్దల మధ్య అడ్డుపడి వాటిని కలవనివ్వవు. మాకరోనీకి పెరుగు వాడితే అదే పద్ధతి పాటించాలి: బాగా గిలకొట్టి, చెంచాడు పిండి కలిపి, సన్నటి సెగ మీద. పొడిలో ముందే కొంత పులుపు ఉంటుంది కాబట్టి పుల్లపెరుగు వద్దు.

ఇక చీజ్ పొడే లేకపోతే? ఇక్కడ పేరు మనల్ని బాగా తప్పుదోవ పట్టిస్తుంది. నిఘంటువులు చీజ్‌కు జున్ను అని అర్థం చెబుతాయి. కానీ మనం తినే జున్ను, ఈనిన గేదె తొలి రోజుల పాలతో చేసేది. ఆ పాలలో దూడకు రోగనిరోధక శక్తినిచ్చే మాంసకృత్తులు మెండుగా ఉంటాయి. వేడి తగలగానే అవి గుడ్డు తెల్లసొనలా గట్టిపడతాయి. చీజ్ వేడికి కరుగుతుంది, జున్ను వేడికి గడ్డకడుతుంది. ఇంతకన్నా ఎదురుబొదురు స్వభావాలు ఉండవు. పనీరుదీ దాదాపు అదే కథ. చీజ్‌లో కేసీన్ గుత్తులను కలిపి ఉంచే కాల్షియం, పులుపుతో విరిచిన పనీరులో చాలావరకు నీటితో వెళ్ళిపోతుంది. అందుకే పనీరు ముక్క నూనెలో వేగుతుంది గానీ కరగదు. పనీరు తురిమి రసం చేద్దామనుకుంటే పలుకులే మిగులుతాయి.

అసలు చీజ్ ముక్క దొరికినా, ఊరికే వేడిచేస్తే నూనె కక్కుతుంది. 1911లో స్విట్జర్లాండ్‌లో గెర్బర్, స్టెట్లర్ అనే ఇద్దరు దీనికి మందు కనిపెట్టారు. సోడియం సిట్రేట్ అనే లవణం కలిపితే అది కేసీన్ నుంచి కాల్షియాన్ని లాక్కుని సోడియాన్ని ఇస్తుంది. బిగుతు సడలిన కేసీన్ నీటిలో పరుచుకుని కొవ్వును పట్టుకుంటుంది. పెట్టెలో వచ్చే పొడిలో ఉండే ఫాస్ఫేట్ లవణాలదీ ఇదే పని. ఈ లవణం కోసం ఎక్కడికో వెళ్ళనక్కర్లేదు. నిమ్మరసంలో వంటసోడా చిటికెడు చిటికెడుగా వేస్తూ, బుసబుస పొంగు ఆగేదాకా కలిపితే తయారయ్యేది అదే. సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది కాబట్టి, కాస్త పులుపు మిగిలి ఉండగానే ఆపడం మంచిది.

రంగు గురించి రెండు మాటలు. ఆ పసుపుపచ్చ చాలాకాలం కృత్రిమమైనదే. క్రాఫ్ట్ సంస్థ 2015లో ప్రకటించి, 2016 నుంచి అమెరికా పెట్టెల్లో దాన్ని తీసేసి పాప్రికా మిరప, జాఫ్రా గింజలు, పసుపు వాడటం మొదలుపెట్టింది. మా మూకుడులో కొబ్బరిపాల వల్ల రంగు వెలిసినట్టు అనిపించి అక్క చిటికెడు పసుపు వేసింది. అంతదూరపు కర్మాగారం చేరిన చోటికే ఆమె చెయ్యీ చేరింది.

ఘాటు కోసం ఆవ పెట్టాం. పనసపొట్టు కూరకు పెట్టినట్టే, ఆవాలు నీళ్ళతో నూరి, మూకుడు దించి కాస్త వేడి తగ్గాక. ఆవగింజలో సినిగ్రిన్ అనే పదార్థం ఒక అరలో, మైరోసినేజ్ అనే ఎంజైము వేరే అరలో ఉంటాయి. గింజ నలిగి తడి తగిలితేనే రెండూ కలిసి ముక్కుకెక్కే ఘాటు పుడుతుంది. నూరకముందే ఆవాలు వేయిస్తే ఎంజైము చచ్చిపోతుంది. నూరిన ఆవను మరిగిస్తే పుట్టిన ఘాటు ఆవిరైపోతుంది. పోపులో చిటపటలాడిన ఆవాలు కమ్మగా ఉండి, ఆవ పెట్టిన కూర ఘాటుగా ఉండటానికి కారణం ఇదే. కొవ్వు, ఉప్పు నిండిన చీజ్ రసానికి ఆ ఘాటు ఎంతో అవసరం.

ఒక పెట్టె ఐదుగురికి చాలదు కాబట్టి సేమ్యా కూడా కలిపాం, చివరి రెండు నిమిషాలలో. నీరు లోపలికి ఇంకవలసిన దూరం సగమైతే పట్టే సమయం సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. రెండింటినీ ఒకేసారి వేసి ఉంటే మాకరోనీ ఉడికేలోగా సేమ్యా జావ అయ్యేది. ఉప్పు మాత్రం వెయ్యలేదు. పొడిలో ముందే దండిగా ఉంది.

ఒక విషయంలో మాత్రం మార్పిడిని నమ్ముకోకూడదు. పాలు పడనివాళ్ళ కోసం కొబ్బరిపాలు పోశామనుకుంటే ప్రమాదం, ఎందుకంటే చీజ్ పొడి నిండా పాల మాంసకృత్తులే. గోధుమ పడనివాళ్ళకు మాకరోనీ, సేమ్యా రెండూ పనికిరావు. ఒంటికి పడని సరుకును తీసేయాలంటే పొట్లం మీద పదార్థాల పట్టీని చివరి అక్షరం దాకా చదవాలి.

రాత్రి లాంతరు వెలుగులో అందరం తిన్నాం. బావగారు ఆవకాయ నంజుకున్నారు. కొంచెం మిగిలితే మూతపెట్టి ఉంచాం. రెండు గంటల తర్వాత పిల్లకు మళ్ళీ ఆకలేసి మూత తీస్తే అంతా గట్టి ముద్దగా ఉంది. ఉబ్బిన పిండి పోగులు చల్లారాక మళ్ళీ దగ్గరకు జరిగి బిగుసుకుంటాయి, చల్లారిన అన్నం మెతుకు గట్టిపడినట్టే. నెయ్యి కూడా సగం పేరుకుంది. గిన్నెలో మిగిలిన గంజి వేడిచేసి రెండు గరిటెలు పోసి, సన్నటి సెగ మీద కలిపాను. ముద్ద నెమ్మదిగా విడిపోయి మళ్ళీ గరిటె జారుగా అయింది. పిల్ల పెన్సిలు తెచ్చి, పెట్టె వెనుక "పాలు" అన్న చోట కొట్టివేసి, "గంజి, పారబోయవద్దు" అని రాసుకుంది.