ఫ్లాప్ దించితే ట్రిమ్ ఎందుకు తిప్పాలి?

2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు తరలిపోయిన తరువాత కూడా ఆ పాత విమానాశ్రయంలో పైలట్ శిక్షణ కొనసాగింది. దిగడానికి వస్తున్న చిన్న సెస్నా విమానాన్ని కింద నుంచి చూసినవారికి రెక్కల వెనుక అంచున, విమాన దేహానికి దగ్గరగా, కిందికి వంగి ఉన్న రెండు పలకలు కనిపించే ఉంటాయి. అవే ఫ్లాపులు. అంత సులభంగా కంటపడని మరో చిన్న పలక తోక మీద ఉంటుంది. దానిని ట్రిమ్ ట్యాబ్ అంటారు. ఈ రెండింటినీ విద్యార్థులు సాధారణంగా వేరువేరు పాఠాలుగా నేర్చుకుంటారు. గాలిలో మాత్రం ఒకదాని ప్రభావం మరొకదాన్ని వెంటనే తాకుతుంది కనుక, రెండింటినీ కలిపి అర్థం చేసుకోవడమే మేలని నా అభిప్రాయం.

రెక్క పుట్టించే లిఫ్ట్, అంటే విమానాన్ని పైకెత్తే బలం, వేగం యొక్క వర్గాన్ని అనుసరించి మారుతుంది. వేగం సగమైతే, మిగతావన్నీ మారకుండా ఉన్నప్పుడు, లిఫ్ట్ నాలుగో వంతుకు పడిపోతుంది. ఆ లోటును పూడ్చాలంటే ఎదురుగాలికి రెక్క చేసే కోణాన్ని పెంచాలి. అయితే దీనికొక హద్దు ఉంది. కోణం సుమారు 15 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా చేరేసరికి రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని పారే గాలి విడిపోయి సుడులు తిరుగుతుంది, లిఫ్ట్ ఒక్కసారిగా తగ్గుతుంది. దీనినే స్టాల్ అంటారు. దిగేటప్పుడు వేగం తక్కువగా ఉండాలి, స్టాల్ మాత్రం రాకూడదు. అందుకే రెక్క ఆకారాన్నే తాత్కాలికంగా మార్చే ఏర్పాటు అవసరమైంది.

ఫ్లాప్ కిందికి వంగినప్పుడు రెక్క వంపు పెరిగి, అదే వేగం వద్ద ఎక్కువ లిఫ్ట్ పుడుతుంది. శిక్షణలో వాడే సెస్నా 172 అనే విమానంలో ఫ్లాప్ కేవలం తలుపు రెక్కలా మడతబడి ఊరుకోదు. కొంత వెనక్కి జరుగుతూ వంగుతుంది, రెక్కకూ తనకూ మధ్య సన్నని సందు వదులుతుంది. రెక్క కింది గాలి ఆ సందులోంచి దూసుకువచ్చి ఫ్లాప్ పైభాగాన నీరసించిన ప్రవాహానికి బలమిస్తుంది, అది త్వరగా విడిపోకుండా ఆపుతుంది. ఇంత చిన్న సందు ఇంత పని చేయడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. 172ఎస్ నమూనాలో వేగం చూపే పరికరపు దోషాన్ని సవరించి లెక్కిస్తే, పూర్తి బరువుతో స్టాల్ వేగం ఫ్లాపులు ఎత్తి ఉన్నప్పుడు 53 నాట్లు, అంటే గంటకు సుమారు 98 కిలోమీటర్లు. పూర్తిగా 30 డిగ్రీలు దించినప్పుడు 48 నాట్లు, సుమారు 89 కిలోమీటర్లు. తేడా అయిదు నాట్లే అనిపించవచ్చు. కానీ ఇక్కడా లెక్కకు వచ్చేది వేగపు వర్గమే: రెక్క ఇవ్వగల గరిష్ఠ లిఫ్ట్ దాదాపు అయిదో వంతు పెరిగిందని దీని అర్థం. స్టాల్ వేగానికి అనుగుణంగానే దిగే వేగాన్నీ తగ్గిస్తే, నేలను తాకాక బ్రేకులు హరించవలసిన శక్తి సుమారు 18 శాతం తగ్గుతుంది.

ఫ్లాపులకు రెండో ప్రయోజనం డ్రాగ్, అంటే గాలి వెనక్కి లాగే బలం. మొదటి 10 డిగ్రీలలో ప్రధానంగా లిఫ్ట్ లాభిస్తుంది. ఆ తరువాత దించినకొద్దీ డ్రాగ్ వాటా పెరుగుతుంది. దానివల్ల వేగం పెరగకుండానే ఏటవాలుగా దిగవచ్చు. ముక్కు కాస్త కిందికి వాలడంతో రన్‌వే కూడా స్పష్టంగా కనిపిస్తుంది. పాత 172లలో ఫ్లాపులు 40 డిగ్రీల వరకు వంగేవి. అంత డ్రాగ్‌తో, దిగడం మానుకుని మళ్లీ పైకి లేవడం కష్టం. 1981 నాటి 172పి నుంచి ఆ హద్దు 30 డిగ్రీలకు తగ్గింది.

ఇక ట్రిమ్. దీన్ని అర్థం చేసుకోవడానికి కావడి మంచి ఉపమానం. మోసేవాడి భుజం స్థానంలో రెక్క లిఫ్ట్ ఉందనుకుందాం. విమానం బరువు ఆ భుజానికి కాస్త ముందు వేలాడుతుంది. దానికి సమతూకంగా తోక రెక్క వెనుక వైపు కిందికి నొక్కుతూ ఉంటుంది. ఆ నొక్కుడు ఎంత ఉండాలో తోకకు అతికి పైకీ కిందికీ కదిలే పలక, ఎలివేటర్, నిర్ణయిస్తుంది. వేగం మారితే తోక మీద గాలి బలమూ మారుతుంది కనుక, పైలట్ కంట్రోల్ వీల్‌ను, అంటే ఎలివేటర్‌ను కదిపే చేతిపిడిని, లాగిగానీ తోసిగానీ పట్టుకోవలసి వస్తుంది. ట్రిమ్ ట్యాబ్ ఆ శ్రమను తాను తీసుకుంటుంది. 172లో అది కుడివైపు ఎలివేటర్ వెనుక అంచున ఉంటుంది. కాక్‌పిట్‌లోని ట్రిమ్ చక్రాన్ని తిప్పి ట్యాబ్‌ను కిందికి వంచితే, గాలి ట్యాబ్‌ను పైకి నెడుతుంది. దానితోపాటు ఎలివేటర్ పైకి లేస్తుంది, ముక్కు ఎత్తుగా నిలుస్తుంది. ట్యాబ్ ఒకవైపు, ఎలివేటర్ దానికి ఎదురువైపు కదలడం మొదట్లో చాలామందిని తికమకపెడుతుంది.

ట్రిమ్ నిలిపి ఉంచేది ఎత్తును కాదు, వేగాన్ని. ఈ ఒక్క మాట మీద ఎంత సమయం వెచ్చించినా దండగ కాదు. 90 నాట్లకు ట్రిమ్ చేసిన విమానానికి ఇంజన్ శక్తి పెంచితే అది వేగం పుంజుకుని ముందుకు దూసుకుపోదు, దాదాపు ఆ వేగంతోనే పైకి ఎక్కడం మొదలుపెడుతుంది. శక్తి తగ్గిస్తే అలాగే దిగుతుంది. కనుక ట్రిమ్ చక్రంతో విమానాన్ని నడపడం తప్పు అలవాటు. ముందు కంట్రోల్ వీల్‌తో ముక్కును కావలసిన చోట నిలిపి, వేగం కుదిరాక, చేతికి తగిలే బరువు పోయేవరకు మాత్రమే ట్రిమ్ తిప్పాలి.

ఈ రెండు కథలూ కలిసేది దిగే దారిలోనే. ఫ్లాపులు దించగానే రెక్క వెనుక గాలి మరింత బలంగా కిందికి మళ్లి తోక మీద పడుతుంది, తోకను కిందికి నొక్కుతుంది. రెక్క పైన ఉండే సెస్నాలలో ఇది స్పష్టంగా తెలుస్తుంది: పైలట్ ఏమీ చేయకపోతే ముక్కు పైకి లేచి వేగం పడిపోతుంది. అందుకే ఫ్లాప్ మీటను కదిపిన ప్రతిసారీ కంట్రోల్ వీల్‌ను ముందుకు తోసి పట్టుకోవడం, తరువాత ట్రిమ్ సర్దడం అలవాటు కావాలి.

అసలు పరీక్ష దిగడం మానుకున్నప్పుడు ఎదురవుతుంది. అప్పటికి విమానం సుమారు 65 నాట్లకు ట్రిమ్ అయి ఉంటుంది, ఫ్లాపులు పూర్తిగా దిగి ఉంటాయి, నేల దగ్గరలోనే ఉంటుంది. పూర్తి శక్తి ఇవ్వగానే ప్రొపెల్లర్ గాలి తోకను తాకి, ముక్కు అనుకున్నదానికంటే బలంగా పైకి లేస్తుంది. కొత్త విద్యార్థి చేతులకు ఆ ఒత్తిడి అనుకోనిది. గట్టిగా ముందుకు తోయకపోతే కొద్ది క్షణాలలోనే స్టాల్ దాపురిస్తుంది. భయంతో ఫ్లాపులన్నీ ఒకేసారి ఎత్తినా ప్రమాదమే, ఎందుకంటే ఉన్న లిఫ్ట్ పోయి విమానం కిందికి జారుతుంది. కనుక 172ఎస్‌లో మొదట పూర్తి శక్తి ఇచ్చి ముక్కును అదుపులో పట్టుకుంటారు, ఫ్లాపులను వెంటనే 20 డిగ్రీలకు, అడ్డంకులు దాటేవరకు 10 డిగ్రీలకు తెస్తారు, తగినంత ఎత్తూ 60 నాట్ల వేగమూ అందాకే పూర్తిగా ఎత్తుతారు. ఈ మెట్ల మధ్యలో వీలు చిక్కిన వెంటనే కుడిచేయి ట్రిమ్ చక్రం మీదికి వెళ్లి, ముక్కు వాలే దిశలో దాన్ని తిప్పుతుంది. ఎడమచేతి మీద ఉన్న బరువు క్రమంగా తగ్గుతుంది.